బ్రౌజర్‌కీ సర్వర్‌కీ మధ్య నడిచే మాటలు: తరచుగా అడిగే ప్రశ్నలు

లింకు నొక్కిన క్షణం నుంచి పేజీ కనబడేదాకా పట్టేది ఒకటో రెండో సెకన్లు. ఆ కాస్తలో ఏం జరుగుతుందని చుట్టాలూ, స్నేహితులూ, ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలూ నన్ను అడిగినవే ఈ ప్రశ్నలు. మొదలుపెట్టే ముందు ఒక ముక్క చెప్తాను. చాలా జవాబులు దాని చుట్టూనే తిరుగుతాయి. వెబ్‌లో ముందు నోరు విప్పేది ఎప్పుడూ బ్రౌజరే. సర్వర్ తనంతట తాను పలకరించదు. అడిగితే జవాబిస్తుంది, ఇచ్చిన మరుక్షణం అడిగిందెవరో మర్చిపోతుంది.

సర్వర్ అంటే గది నిండా ఉండే పెద్ద మెషీనేనా?

కానక్కర్లేదు. ఎవరైనా అడుగుతారేమోనని చెవి ఒగ్గి కూర్చునే ప్రోగ్రామ్ ఏ కంప్యూటర్‌లో నడుస్తుంటే అదే సర్వర్. ప్రపంచంలో మొట్టమొదటి వెబ్ సర్వర్ బల్ల మీద పట్టేంత నెక్స్ట్ కంప్యూటర్. జెనీవా దగ్గరున్న సెర్న్ పరిశోధనా సంస్థలో టిమ్ బెర్నర్స్-లీ 1990లో మొదటి బ్రౌజర్‌నీ మొదటి సర్వర్‌నీ దాని మీదే రాశారు. ఎవరైనా పొరపాటున కట్టేస్తారేమోనని, ఇది సర్వర్, ఆపొద్దు అని ఎర్ర సిరాతో రాసిన చీటీ ఒకటి దానికి అంటించారు. వెబ్ మొత్తం ఆ ఒక్క మెషీనే అయిన రోజులవి, భయపడ్డారంటే పడరూ!

మీ ల్యాప్‌టాప్‌లోనూ సర్వర్ నడపొచ్చు. వెబ్‌సైట్లు తయారుచేసేవాళ్ళు రోజూ చేసేది అదే. 127.0.0.1 అనే అడ్రస్‌కి వెళ్తే కంప్యూటర్ తన ఇంటి తలుపు తానే తట్టుకుంటుంది.

అడ్రస్ కొట్టి ఎంటర్ నొక్కాక మొదట జరిగేదేంటి?

ఇల్లు వెతుక్కోవడం. సైటు పేరు మనుషుల కోసం. కంప్యూటర్లకి కావాల్సింది అంకెల్లో ఉండే ఐపీ అడ్రస్. పేరు చెప్తే అంకె చెప్పే ఏర్పాటు పేరు డీఎన్ఎస్.

1980ల మొదట్లో నెట్‌వర్క్‌లో ఉన్న కంప్యూటర్ల పేర్లన్నీ ఒకే ఒక్క ఫైల్లో ఉండేవి. అమెరికాలో ఒక సంస్థ దాన్ని రాసి ఉంచేది, అందరూ దాని కాపీ తెచ్చుకునేవాళ్ళు. కంప్యూటర్లు పెరిగేసరికి ఆ పద్ధతి సాగలేదు. 1983లో పాల్ మొకపెట్రిస్ డీఎన్ఎస్‌ని రూపొందించారు. ఇందులో అన్నీ తెలిసిన వాళ్ళెవరూ ఉండరు. కొత్త ఊళ్ళో ఇల్లు వెతికినట్టే ఉంటుంది. బస్టాండులో అడిగితే ఫలానా పేట అని చెప్తారు, పేటలో అడిగితే వీధి చెప్తారు, వీధిలో అడిగితే ఇల్లు చూపిస్తారు. బస్టాండు లాంటివి రూట్ సర్వర్లు. వాటికి 13 పేర్లే ఉన్నాయి గానీ, ఆ పేర్ల వెనక ప్రపంచమంతటా వెయ్యికి పైగా నకళ్ళు పనిచేస్తున్నాయి.

ప్రతిసారీ ఇంత తిరగరు. ఒకసారి తెలుసుకున్న అడ్రస్‌ని మీ ఫోనూ, మీ ఇంటర్నెట్ కంపెనీవాళ్ళ కంప్యూటరూ కొంతసేపు గుర్తుంచుకుంటాయి. అందుకే ఒక సైటు కొత్త సర్వర్‌కి మారిన రోజున మీకు కొత్త పేజీ కనబడుతుంది, మీ బావగారికి పాతదే కనబడుతుంది. ఇద్దరి ఫోన్లూ బాగానే ఉన్నాయి. ఒక దాని దగ్గర పాత అడ్రస్ గడువు ఇంకా తీరలేదంతే.

ఇల్లు దొరికింది. ఇక పేజీ అడగడమేనా?

ఇంకా లేదు. ముందు పలకరింపులు. వింటున్నావా అని బ్రౌజర్ వైపు నుంచి ఒక చిన్న ప్యాకెట్, అంటే సమాచారపు ముక్క, వెళ్తుంది. వింటున్నా, నా మాట నీకు వినబడుతోందా అని సర్వర్ అంటుంది. వినబడుతోంది అని ఇటు నుంచి మరొకటి. దీన్ని టీసీపీ హ్యాండ్‌షేక్ అంటారు. ఫోన్ సిగ్నల్ సరిగా లేనప్పుడు మనం హలో హలో అనుకోవడం లాంటిదే. ఆ తర్వాత హెచ్‌టీటీపీఎస్ సైటయితే, అంటే అడ్రస్ ఆ అక్షరాలతో మొదలైతే, రహస్యంగా మాట్లాడుకోవడానికి తాళం చెవి కుదుర్చుకోవాలి. ఆ కుదుర్చుకునే పద్ధతి పేరు టీఎల్ఎస్. పాత టీఎల్ఎస్ 1.2 పద్ధతిలో దీనికి రెండు సార్లు వెళ్ళి రావాల్సి వచ్చేది. 2018లో వచ్చిన 1.3లో ఒక్కసారి చాలు. ఆ తర్వాతే అసలు పేజీని అడగడం.

అంటే ఈ పద్ధతిలో పేజీలో మొదటి అక్షరం రావాలంటే కనీసం మూడుసార్లు వెళ్ళి రావాలి. ఇక్కడే దూరం లెక్కలోకి వస్తుంది. ఫైబర్ కేబుల్లో కాంతి సెకనుకి సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. చాలా వేగమే అనిపిస్తుంది. హైదరాబాద్ నుంచి అమెరికాలో డేటా సెంటర్లు కిక్కిరిసి ఉన్న వర్జీనియాకి సూటిగా కొలిచినా సుమారు 13 వేల కిలోమీటర్లు. వెళ్ళి రావడానికి 130 మిల్లీసెకన్లు. పైగా సముద్రం కింది కేబుళ్ళు గీత గీసినట్టు ఉండవు, దారిలో ప్యాకెట్లకి దారి చూపే రౌటర్లు ఆగి ఆగి పంపిస్తాయి. కాబట్టి మామూలుగా 200 దాటుతుంది. మూడు సార్లంటే 600 మిల్లీసెకన్లు, అర సెకను పైమాటే. అదే సర్వర్ ముంబైలో ఉంటే కాంతికి పట్టేది వెళ్ళి రావడానికి ఆరేడు మిల్లీసెకన్లు.

మీ నెట్ ప్లాన్ 100 ఎంబీపీఎస్ నుంచి 300కి పెంచుకున్నా కొన్ని సైట్లు ఏమాత్రం చురుకు కాకపోవడానికి కారణం ఇదే. మీరు రోడ్డు వెడల్పు చేశారు, ఊరు దగ్గర కాలేదు. ఊరిని దగ్గర చేసే పని సీడీఎన్ కంపెనీలది. అవి బొమ్మలూ, వీడియోలూ నకలు తీసి మన దేశంలోనే ఉన్న తమ సర్వర్లలో పెడతాయి. సర్వర్లని అద్దెకిచ్చే క్లౌడ్ కంపెనీలు కూడా ఇటే వచ్చాయి. అమెజాన్ వెబ్ సర్వీసెస్ 2016లో ముంబైలో, 2022 నవంబరులో హైదరాబాద్‌లో తమ రీజియన్లు, అంటే డేటా సెంటర్ల గుంపులు, తెరిచింది.

బ్రౌజర్ పంపే ఆ రిక్వెస్ట్ ఎలా ఉంటుంది?

చదివితే అర్థమయ్యే మామూలు మాటల్లోనే ఉంటుంది, కనీసం పాత వెర్షన్లలో. బ్రౌజరూ సర్వరూ మాట్లాడుకునే పద్ధతి పేరు హెచ్‌టీటీపీ. 1991 నాటి మొట్టమొదటి హెచ్‌టీటీపీలో రిక్వెస్ట్ మొత్తం ఒకే వరుస. గెట్ అనే మాట, పక్కన కావాల్సిన పేజీ దారి. అంతే. సర్వర్ పేజీ పంపి కనెక్షన్ కట్టేసేది.

ఇప్పుడు ఆ వరుస కింద హెడర్లు అనే వరుసలు చాలా చేరాయి. వాటిలో హోస్ట్ అనేది ముఖ్యం. ఒకే ఐపీ అడ్రస్ మీద వందల సైట్లు ఉండొచ్చు. అపార్ట్‌మెంట్ ఒకటే, ఏ ఫ్లాట్ కావాలో హోస్ట్ చెప్తుంది. యాక్సెప్ట్-లాంగ్వేజ్ అనేది మీకు ఏ భాష ఇష్టమో చెప్తుంది. మీ బ్రౌజర్ సెట్టింగుల్లో తెలుగుని మొదట పెట్టుకుంటే ప్రతి రిక్వెస్ట్‌లోనూ ఆ సంగతి సర్వర్‌కి అందుతుంది. సర్వర్ పట్టించుకుంటుందా అన్నది వేరే కథ. చాలా సైట్లు పట్టించుకోవు. మన జనం ఆ సెట్టింగ్ ముట్టుకోకపోవడం కూడా దానికొక కారణమని నా అనుమానం.

నాకు బాగా ఇష్టమైనవి రెండు హెడర్లు. ఒకటి యూజర్-ఏజెంట్, అంటే నేను ఫలానా బ్రౌజర్‌ని అని చెప్పుకోవడం. క్రోమ్, సఫారీ, ఎడ్జ్ అన్నీ ఈ రోజుకీ తమని తాము మొజిల్లా అనే పరిచయం చేసుకుంటాయి. 1990లలో నెట్‌స్కేప్ బ్రౌజర్ ఆ పేరు చెప్పుకునేది. ఆ పేరుంటేనే మంచి పేజీలు పంపేలా కొందరు సర్వర్లను రాసుకున్నారు. దాంతో తర్వాత వచ్చినవన్నీ అదే పేరు చెప్పడం మొదలుపెట్టాయి, ఎవరూ మానలేకపోయారు. రెండోది రిఫరర్, అంటే ఏ పేజీలో లింకు నొక్కి ఇక్కడికొచ్చారో చెప్పేది. దాని ఇంగ్లీషు స్పెల్లింగులో ఒక ఆర్ తప్పిపోయింది. 1996 నాటి హెచ్‌టీటీపీ 1.0 పత్రంలో ఆ తప్పు అలాగే అచ్చయింది. అప్పటికే ప్రోగ్రాములన్నీ దాన్నే వాడుతున్నాయి కాబట్టి ఇప్పటికీ ప్రపంచమంతా తప్పు స్పెల్లింగే రాస్తోంది.

404, 500, 503... ఈ నంబర్లకి అర్థమేంటి?

అన్నీ గుర్తుపెట్టుకోనక్కర్లేదు, మొదటి అంకె చాలు. 2 అయితే పని అయింది. 3 అయితే అది ఇక్కడ లేదు, అక్కడికెళ్ళు అని, లేదా నీ దగ్గరున్న కాపీనే వాడుకో అని. 4 అయితే తప్పు అడిగినవాళ్ళ వైపు. 5 అయితే తప్పు సర్వర్ వైపు. 4 వస్తే అడ్రస్‌లో అక్షరం పోయిందేమో, లాగిన్ అయ్యారో లేదో చూసుకోండి. 5 వస్తే మీ చేతిలో ఏమీ లేదు, ఫోన్ రీస్టార్ట్ చేసినా లాభం లేదు. కాస్త ఆగి మళ్ళీ చూడటమే.

సెర్న్‌లో 404 నంబరు గది ఉండేదనీ, అందుకే ఆ నంబరు వచ్చిందనీ ఒక కథ తిరుగుతుంటుంది. కట్టుకథ. 418 మాత్రం నిజంగానే ఉంది. నేను టీ పాట్‌ని, కాఫీ కాయలేను అని దానర్థం. 1998 ఏప్రిల్ 1న ఇంజినీర్లు సరదాకి విడుదల చేసిన పత్రంలోది.

ఫలితాల రోజు రీఫ్రెష్ కొట్టిన కొద్దీ సైటు ఇంకా మొరాయిస్తుందెందుకు?

మీరు రీఫ్రెష్ కొట్టగానే పాత రిక్వెస్ట్ రద్దయిందని అనుకుంటున్నారు. మీ బ్రౌజర్ వరకు నిజమే. సర్వర్ మాత్రం మీ పాత రిక్వెస్ట్ పట్టుకుని డేటాబేస్‌లో మీ హాల్‌టికెట్ నంబరు వెతుకుతూనే ఉండొచ్చు. వెతికి తెచ్చేసరికి అడిగిన మనిషి అక్కడ ఉండడు, లైన్లో వెనక కొత్తగా నిలబడి ఉంటాడు. లక్షల మంది ఇలాగే చేస్తే సర్వర్ ఎవరికీ అందని జవాబులు తయారుచేస్తూ కూర్చుంటుంది. 503 వచ్చేది అప్పుడే.

పిల్లల మార్కుల దగ్గర టెన్షన్ పడొద్దంటే ఎవరూ వినరు, మా ఇంట్లోనూ వినలేదు. కానీ ఒక్క ట్యాబ్ తెరిచి రెండు నిమిషాలు ఆగినవాళ్ళకే ముందు దొరికే అవకాశం ఎక్కువ.

డబ్బు కట్టేటప్పుడు బ్యాక్ నొక్కొద్దు, రీఫ్రెష్ చేయొద్దు అని ఎందుకు భయపెడతారు?

ఊరికే భయపెట్టడం కాదు. రిక్వెస్టుల్లో గెట్, పోస్ట్ అని రెండు ముఖ్యమైన రకాలున్నాయి. గెట్ అంటే చూపించు. పదిసార్లు చూపించమన్నా ఏమీ మారదు. పోస్ట్ అంటే ఈ పని చెయ్యి. పదిసార్లు చెయ్యమంటే పదిసార్లు చేసే ప్రమాదం ఉంది. రీఫ్రెష్ కొడితే బ్రౌజర్ చివరి రిక్వెస్ట్‌ని మళ్ళీ పంపుతుంది. అది పోస్ట్ అయితే, ఫారం మళ్ళీ పంపమంటారా అని ఒక డబ్బా వేసి అడుగుతుంది. చాలామంది చదవకుండా సరే నొక్కేస్తారు.

అసలు చిక్కు ఇంకొకటుంది. డబ్బు కట్టు అని బ్రౌజర్ పంపింది, జవాబు రాలేదు, గుండ్రం తిరుగుతూనే ఉంది. ఏం జరిగి ఉంటుంది? అడిగిందే సర్వర్‌కి చేరకపోయి ఉండొచ్చు. లేదా చేరి, డబ్బు తీసుకుని, అయిపోయిందని పంపిన జవాబు దారిలో పోయి ఉండొచ్చు. బ్రౌజర్ వైపు నుంచి చూస్తే రెండూ అచ్చం ఒకేలా కనబడతాయి. ఒకసారి కాలేజీ ఫీజు కడుతూ ఇలాంటి చోటే ఇరుక్కుని, ఇంత తెలిసీ మళ్ళీ నొక్కాను. రెండుసార్లు పోయింది, తిరిగి రావడానికి వారం పట్టింది.

శ్రద్ధగా కట్టిన సైట్లలో ప్రతి చెల్లింపుకీ ముందే ఒక విడి నంబరు ఇస్తారు. అదే నంబరుతో రెండోసారి వస్తే సర్వర్ డబ్బు తీసుకోకుండా పాత జవాబే ఇస్తుంది. మీరు కట్టే సైటు అలాంటిదో కాదో బయటినుంచి తెలియదు కాబట్టి, ముందు బ్యాంకు ఎస్సెమ్మెస్ చూసుకుని అప్పుడు ఏదైనా నొక్కండి.

సర్వర్ మర్చిపోతుందన్నారు, మరి లాగిన్ ఎలా గుర్తుంటుంది?

గుడి దగ్గర చెప్పుల స్టాండు గుర్తుందా? అక్కడ కూర్చున్నాయన మీ మొహం గుర్తుపెట్టుకోడు. చెప్పులు తీసుకుని టోకెన్ ఇస్తాడు. దర్శనం అయ్యాక టోకెన్ చూపిస్తే చెప్పులిస్తాడు. కుకీ ఆ టోకెనే. మీరు పాస్‌వర్డ్ ఇచ్చినప్పుడు సర్వర్ ఒక పొడవాటి నంబరు పంపుతుంది. ఆ తర్వాత ప్రతి రిక్వెస్ట్‌తోనూ బ్రౌజర్ దాన్ని చూపిస్తూ పోతుంది. సర్వర్ ప్రతిసారీ మిమ్మల్ని కొత్త మనిషిగానే చూస్తుంది, టోకెన్ చూసి ఓహో మీరా అంటుంది. 1994లో నెట్‌స్కేప్‌లో పనిచేసే లూ మొంటూలీ ఈ ఉపాయం కనిపెట్టారు.

టోకెన్ ఎవరి చేతిలో ఉంటే చెప్పులు వాళ్ళవే. కుకీ దొంగిలించినవాడికి పాస్‌వర్డ్, ఓటీపీ ఏవీ అక్కర్లేకుండా మీ అకౌంట్ తెరుచుకోవచ్చు. తెలియనివాళ్ళు ఇన్‌స్టాల్ చేయమన్న బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్లు వద్దనేది అందుకే. నెట్ సెంటర్లో పని అయ్యాక ట్యాబ్ మూస్తే సరిపోదు, లాగౌట్ నొక్కాలి. లాగౌట్ అంటే ఆ టోకెన్ చెల్లదని సర్వర్‌కి చెప్పడం.

చెప్పులు చూసుకున్న నాలుగు రోజుల పాటు అన్ని సైట్లలోనూ చెప్పుల ప్రకటనలే రావడం కూడా కుకీల పనే. మీరు చూసే పేజీలో ప్రకటన బొమ్మ వేరే కంపెనీ సర్వర్ నుంచి వస్తుంది. ఆ సర్వర్ కూడా తన టోకెన్ ఒకటి ఇస్తుంది. వంద సైట్లలో అదే కంపెనీ ప్రకటనలుంటే, వంద చోట్లా అదే టోకెన్ కనబడుతుంది. సఫారీ, ఫైర్‌ఫాక్స్ ఇలాంటి కుకీలను చాలావరకు కట్టడి చేశాయి.

తెలుగు పేజీ లింకు వాట్సాప్‌లో పెడితే పిచ్చి గీతల్లా వస్తుందేం?

తెలుగు వికీపీడియా లింకు కాపీ చేసినవాళ్ళందరికీ ఇది అనుభవమే. వెబ్ అడ్రస్‌లో ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, కొన్ని గుర్తులు తప్ప మరేవీ ఉండకూడదని మొదట్లోనే నియమం పెట్టారు. మరి తెలుగు ఎలా పంపాలి? అక్షరాలని కంప్యూటర్ బైట్లుగా రాసుకునే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు అక్షరానికీ, ఒక్కో గుణింతపు గుర్తుకీ మూడు బైట్లు పడతాయి. అడ్రస్‌లో ఒక్కో బైటునీ ఒక శాతం గుర్తు, దాని పక్కన రెండు అక్షరాలుగా రాస్తారు. తెలుగు అనే మాటే తీసుకోండి. త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము, మొత్తం ఆరు. ఆరు మూళ్ళు పద్దెనిమిది బైట్లు. లింకులో అది 54 అక్షరాలవుతుంది. హైదరాబాదు అని రాస్తే 81. బ్రౌజర్ పై పట్టీలో మీకు చక్కటి తెలుగు చూపించేది మర్యాద కోసమే. లోపల పంపేది ఈ పొడవాటిదే.

పేజీలో తెలుగు బదులు అర్థంకాని అక్షరాలు కనబడితే కారణం వేరు. ఈ బైట్లని ఏ పద్ధతిలో చదవాలో సర్వర్ తన జవాబు హెడర్లో చెప్పాలి. చెప్పకపోతే, తప్పు చెప్తే బ్రౌజర్ వేరే లెక్కలో చదువుతుంది. 2000ల మొదట్లో తెలుగు పత్రికల సైట్లు ఎవరి ఫాంట్ వాళ్ళే వాడేవి. ఫాంట్ లేకపోతే పేజీ అంతా ఇంగ్లీషు అక్షరాల గజిబిజి. ఫైర్‌ఫాక్స్‌లో పద్మ అనే ఎక్స్‌టెన్షన్ పెట్టుకుని వాటిని అన్ని భాషలకీ ఒకటే లెక్కయిన యూనికోడ్‌లోకి మార్చుకుని చదివినవాళ్ళు ఈ పేజీ చదివేవాళ్ళలో కొందరైనా ఉంటారు.

తాళం గుర్తుంటే ఆ సైటుని నమ్మొచ్చా?

మాటలు దారిలో ఎవరూ వినలేరని నమ్మొచ్చు. అవతల మాట్లాడేవాడు మంచివాడని మాత్రం కాదు. బ్యాంకు పేరులో ఒక్క అక్షరం మార్చి దొంగ సైటు పెట్టినవాడు కూడా తాళం తెచ్చుకోగలడు. 2015 చివరి నుంచి లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ తాళానికి కావాల్సిన సర్టిఫికెట్లు ఉచితంగా ఇస్తోంది. వెబ్‌కి అది చేసిన మేలు అంతా ఇంతా కాదు. దాంతోపాటు తాళానికి ఉన్న పాత గౌరవం పోయింది. జనం తాళాన్ని మంచితనానికి గుర్తుగా పొరబడుతున్నారని 2023లో క్రోమ్ ఆ బొమ్మే తీసేసింది.

రైల్వే స్టేషన్ వైఫైలో హెచ్‌టీటీపీఎస్ సైటు చూస్తే, మీరు ఏ సైటుకి వెళ్ళారన్నది సాధారణంగా ఆ వైఫై నడిపేవాళ్ళకి తెలుస్తుంది. ఆ సైటులో ఏ పేజీ చదివారు, ఏం టైప్ చేశారు అన్నవి తెలియవు. ఇన్‌కాగ్నిటోలో తెరిచినా ఇదే లెక్క. అది మీ ఫోన్లో జాడ మిగల్చదంతే, అవతలివాళ్ళకి కనబడేవి కనబడుతూనే ఉంటాయి.

క్రికెట్ స్కోరు దానంతట అదే మారుతుంది కదా, మరి సర్వర్ ముందు పలకరించదంటారేం?

మంచి ప్రశ్న. ఒకప్పుడు దొంగచాటు పద్ధతి ఉండేది. పేజీలో ఉన్న చిన్న ప్రోగ్రామ్ మీకు తెలియకుండా కొన్ని సెకన్లకోసారి స్కోరెంత అని అడుగుతూ ఉండేది. ఇప్పటికీ చాలా చోట్ల అంతే. 2011లో వెబ్‌సాకెట్ అనే పద్ధతి ప్రమాణంగా వచ్చింది. ఇందులోనూ మొదటి మాట బ్రౌజర్‌దే. కాకపోతే, ఇక ఫోన్ పెట్టేయొద్దు, లైన్లోనే ఉందాం అని అడుగుతుంది. సర్వర్ ఒప్పుకుంటే ఆ తర్వాత ఎవరైనా ఎప్పుడైనా మాట్లాడొచ్చు. కంప్యూటర్లో వాట్సాప్ తెరిస్తే మెసేజ్‌లు వచ్చి పడేది ఇలాగే.

హెచ్‌టీటీపీ 2, 3 అంటే ఏం మారింది?

అడిగే మాటలు మారలేదు, మోసే బండి మారింది. ఒక పేజీకి బొమ్మలూ, ఫాంట్లూ, ప్రోగ్రాములూ కలిపి వంద రిక్వెస్టులు అవలీలగా అవుతాయి. 1.1లో ఒక కనెక్షన్ మీద ఒకదాని తర్వాత ఒకటే. అందుకే బ్రౌజర్లు ఒక్కో సైటుకీ ఆరేసి కనెక్షన్లు తెరిచేవి. 2015లో వచ్చిన 2లో ఒకే కనెక్షన్ మీద అన్నీ కలిపి పంపొచ్చు. కానీ దారిలో ఒక్క ప్యాకెట్ పోతే వెనకున్నవన్నీ ఆగాలి. 2022లో ప్రమాణమైన 3, టీసీపీని వదిలేసి క్విక్ అనే కొత్త బండి ఎక్కింది. ఇందులో పోయిన ప్యాకెట్ ఎవరిదో వాళ్ళే ఆగుతారు. ఇంకో సుఖం కూడా ఉంది. ఇంటి వైఫై నుంచి బయటికొచ్చి మొబైల్ డేటాలోకి మారినప్పుడు మీ ఐపీ అడ్రస్ మారుతుంది. టీసీపీ అయితే మళ్ళీ హలో నుంచి మొదలు. క్విక్‌లో కనెక్షన్‌కి సొంత నంబరుంటుంది కాబట్టి మాట మధ్యలో తెగదు.

ఇవన్నీ నా కళ్ళతో చూడొచ్చా?

చూడొచ్చు. కంప్యూటర్లో క్రోమ్ గానీ ఫైర్‌ఫాక్స్ గానీ తెరిచి ఎఫ్12 నొక్కండి. నెట్‌వర్క్ అనే ట్యాబ్‌లోకి వెళ్ళి, ఏదైనా వార్తల సైటు తెరవండి. ఒక్క పేజీ అడిగితే ఎన్ని వరుసలు దిగుతాయో, వాటిలో ఆ సైటువి ఎన్ని, మీరెప్పుడూ పేరు వినని కంపెనీలవి ఎన్ని అన్నది లెక్కపెట్టండి. ఏదైనా వరుస నొక్కితే పక్కన హెడర్లు కనబడతాయి. మొజిల్లా పేరు చెప్పుకుంటున్న మీ క్రోమ్ అక్కడుంటుంది. చాలా వరుసల్లో రిఫరర్ కూడా ఉంటుంది, ఒక ఆర్ తక్కువతో.